వెనక్కి చాచిన చెయ్యి

బీదరులో చౌబారా బురుజు దగ్గర పూజ సామాన్ల దుకాణం ఎక్కడని ఎవరినడిగినా రామ్‌రావు దుకాణమే చూపిస్తారు. చూపిస్తూ చిన్న నవ్వొకటి నవ్వుతారు. కొత్తవాళ్లకు ఆ నవ్వు అర్థం కాదు. లోపలికి వెళ్లి రెండు మాటలు మాట్లాడితే అర్థమవుతుంది. కర్పూరం, కుంకుమ, ఒత్తులు, జంధ్యాలు, నవధాన్యాలు, హోమానికి కావలసిన పుల్లలు... ఆ దుకాణంలో దొరకనిది లేదు. లేనిదల్లా ఒక్కటే, దుకాణదారుడికి దేవుడి మీద నమ్మకం.

ఇదేదో పెద్ద తిరుగుబాటు అనుకునేరు. రామ్‌రావు అలాంటి మనిషి కాదు. సభల్లో మాట్లాడడు, ఎవరితోనూ వాదం పెట్టుకోడు, గుడికి పోయేవాళ్లను చూసి మూతి తిప్పడు. అరవై దాటిన సన్నటి మనిషి. తెల్ల చొక్కా, మెడలో దారానికి వేలాడే కళ్లద్దాలు. పొద్దున్నే దుకాణం తీసి, గడప కడిగి, వినాయకుడి పటం ముందు దీపం వెలిగిస్తాడు. దండం మాత్రం పెట్టడు. దీపం వెలిగించి అటు తిరిగి, చీపురు కోసం వెతుక్కుంటాడు.

ఒకసారి కమఠాణ నుంచి ఒకావిడ వచ్చింది. కొడుక్కి నౌకరీ రావాలని యంత్రం కొనడానికి. రాగిదీ ఇత్తడిదీ రెండూ ముందు పెట్టించుకుని, "దీంట్ల ఏది మంచిగ పనిజేస్తది సేటూ?" అని అడిగింది.

"రాగిది నల్లబడ్తది, చింతపండుతోటి తోమాలె. ఇత్తడిది జర గట్టిగుంటది. పనిజేసుడు సంగతి నాకు తెల్వదమ్మా. నేను మొక్కను," అన్నాడు రామ్‌రావు.

ఆవిడ కాసేపు అతని మొహంలోకి చూసి, ఇత్తడిది కొనుక్కుని వెళ్లింది. ఆ తర్వాత ఆవిడ చుట్టాలందరూ ఆ దుకాణానికే రావడం మొదలుపెట్టారు. మహిమలు చెప్పి అంటగట్టని మనిషి దగ్గర కొన్న వస్తువు ఇంట్లో పెట్టుకుంటే మనసుకు నిమ్మళంగా ఉంటుందట.

పక్కనే గడియారాలు బాగుచేసే డేనియల్ దుకాణం. ఆదివారం వచ్చిందంటే చర్చి తప్పని మనిషి. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు మధ్య గోడకు ఆనుకుని, "రామ్‌రావన్నా, మీ దేవుండ్లు నీకు నచ్చకపోతే మా చర్చికన్న రారాదె ఒక్కనాడు," అని ఆటపట్టిస్తాడు.

"నచ్చకపోవుడేం లేదు డేనియల్. నాకు లోపల ఏం అనిపియ్యదు. మీ కాడికొచ్చినా గదే లోపల గద?"

"అయితే చాయ్ తాగుదాం పా," అంటాడు డేనియల్. ఇద్దరూ వెళ్లి తాగుతారు.

ఈ అనిపించకపోవడం చిన్నప్పటి నుంచీ ఉన్నదే. దుకాణం పెట్టింది తండ్రి రాజన్న. ఆయన పొద్దున పూజకు కూర్చుంటే కళ్లు మూసుకుని లోకం మరిచిపోయేవాడు. పక్కన కూర్చున్న రామ్‌రావు కూడా కళ్లు మూసుకునేవాడు. మూసుకుంటే కనిపించేది చీకటి, వినిపించేది గంజ్ బజారుకు పోయే బండ్ల చప్పుడు. తనకూ ఏదో ఒకనాడు అనిపిస్తుందిలే అని ఎన్నాళ్లో ఎదురుచూశాడు. పదో తరగతి పరీక్షలప్పుడు ఇక ఉండబట్టలేక, తన్నులు తినడానికి సిద్ధపడి, తండ్రితో చెప్పేశాడు. "నాయినా, నేను ఊకె చేతులు కలుపుతున్న. నాకేం అనిపిస్తలేదు."

రాజన్న కొట్టలేదు. చేతిలో ఉన్న కుంకుమ డబ్బా మూత బిగించి, కొడుకు వైపు చూశాడు. "అనిపియ్యకపోతే మొక్కకు. దీపం మాత్రం ముట్టియ్యి, గిరాకీకి లోపల చీకటుంటది," అన్నాడు. కాస్త ఆగి ఇంకో మాట కూడా అన్నాడు. "కుంకుమల రంగు మాత్రం ఎన్నడు కలపకు కొడకా. నీకు అనిపియ్యదు. కొన్నోళ్లకు అనిపిస్తది గద."

రామ్‌రావు ఆ మాట పట్టుకుని బతికాడు. హైదరాబాదు నుంచి వచ్చిన కర్పూరం ముక్క ఒకటి వెలిగించి చూడనిదే సంచి విప్పడు. మైనం కలిసిందని అనిపిస్తే వెనక్కి పంపిస్తాడు. ఒత్తులకు పాత పత్తి వాడడు. తాను లోపలికి వెళ్లని ఇంటికి తాను కాపలా ఉన్నట్టుగా ఉంటుంది అతని వ్యాపారం.

పెళ్లి దగ్గరికి వచ్చేసరికి మాత్రం చిక్కొచ్చి పడింది. జయమాలది జహీరాబాదు. శనివారం ఉపవాసం, సోమవారం ఉపవాసం, మధ్యలో ఏదైనా పండగొస్తే ఆరోజూ ఉపవాసం. పూజ సామాన్ల దుకాణం వాళ్ల సంబంధం అనగానే ఆ ఇంట్లో పిల్లవాడు ఎంత భక్తిపరుడో అని మురిసిపోయి ఒప్పుకున్నారు. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

పెళ్లయిన వారానికి కొత్త జంటను ఝర్నీ నర్సింహస్వామి దగ్గరికి పంపించారు. ఆ స్వామి దగ్గరికి మెట్లెక్కి పోవడం ఉండదు, నీళ్లలో నడిచి పోవాలి. కొండ కింద సొరంగం, సొరంగం నిండా ఊట నీళ్లు, నడుము దాటి ఛాతీ దాకా వస్తాయి. కొబ్బరికాయా పూలూ నెత్తిన పెట్టుకుని, ఒకరి వెనక ఒకరు ఆ నీళ్లలో నడవాలి. పైన కప్పుకు గబ్బిలాలు వేలాడుతుంటాయి. జయమాలకు భక్తి ఎంతుందో గబ్బిలాలంటే భయం అంతకు రెండింతలుంది. నాలుగడుగులు వేసేసరికి కొత్త పెళ్లికూతురి సిగ్గంతా వదిలేసి, ముందు నడుస్తున్న మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకునే స్వామి ముందు దాకా వెళ్లింది. వెళ్లి, కళ్లనిండా దర్శనం చేసుకుని, మొగుడు కూడా మొక్కుతున్నాడేమోనని పక్కకు చూసింది. మొగుడు గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

బయటికొచ్చాక, తడిచీర కొంగు పిండుకుంటూ అడిగింది. "మీరు మొక్కలేదేంది?"

"నాకు లోపల ఏం అనిపియ్యదు జయా. చిన్నప్పటి సంది గంతే. అనిపిచ్చినట్టు నీ ముందట చేతులు కలిపితే, రేపటి సంది నా ఏ మాట నమ్ముతవ్ నువ్వు?"

జయమాల ఆటోలో ఇంటిదాకా ఏడ్చింది. తనను దేవుడికి మొక్కని మనిషికి కట్టబెట్టారని పుట్టింటికి కబురు పంపింది. పది రోజులు అతనితో మాట్లాడలేదు. ఆ పది రోజులూ అతను ఏం చేస్తాడో చూసింది. ఉపవాసం రోజు ఆమెకు పండ్లు తెచ్చి పెట్టడం, పూజ గదిలో నూనె అయిపోకముందే నింపడం, ఆమె కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు రేడియో చప్పుడు తగ్గించడం చూసింది. పదకొండో రోజు తనే మాట్లాడింది.

"యాడాదికొక్కసారి నేను ఝర్నీకి పోవాలె. నేను పిలిస్తే మీరు రావాలె, ముందట నడవాలె, చెయ్యి పట్టుకోనియ్యాలె. మొక్కుమని నేను ఎన్నడు అడగ."

"సరే," అన్నాడు రామ్‌రావు.

ఆ ఒప్పందం మీదే ముప్పై ఏళ్లు దాటిన కాపురం నడిచింది. ఏటా శ్రావణంలో అతను ముందు నడిచేవాడు, కుడిచెయ్యి వెనక్కి చాచేవాడు. ఆమె పట్టుకుని గబ్బిలాలను తిట్టుకుంటూ వెనక వచ్చేది. కూతురు మంజుష పుట్టాక ఆ పిల్ల అతని భుజాల మీద కూర్చుని వచ్చేది. స్వామి ముందు ఆమె మొక్కేది, అతను ఆమెకు జనం తగలకుండా పక్కన నిలబడేవాడు. ఆమె తన మాట తప్పలేదు, అతను తన మాట తప్పలేదు. ఊళ్లో మొగుడూ పెళ్లాలు కలిసి మొక్కిన ఇళ్లల్లో కూడా ఇంత సఖ్యత లేదని డేనియల్ అంటుంటాడు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు రామ్‌రావు దవాఖానాలో పడ్డాడు. చాలా రోజులు ఆక్సిజన్ మీదున్నాడు. బతికి బయటపడ్డాడు, దుకాణం మళ్లీ తీశాడు. ఆ ఏడు ఝర్నీకి పోవడం కుదరలేదు. మరుసటేడు జయమాలకు ఆయాసం మొదలైంది. మెట్లెక్కితే ఆయాసం, బిందె ఎత్తితే ఆయాసం. వయసు అన్నారు, వాతం అన్నారు, చివరికి హైదరాబాదు తీసుకుపోతే గుండెలో కవాటం పాడైందని, ఆపరేషన్ చేసి మార్చాలని తేల్చారు.

ఆరోజు డాక్టరు రామ్‌రావును ఒక్కడినే లోపలికి పిలిచాడు. జయమాల బయట బల్ల మీద కూర్చుంది. తలుపు మూసుకుంది. తిరిగి తెరుచుకుని అతను బయటికి వచ్చేవరకూ ఆమె ఆ తలుపునే చూస్తూ ఉంది.

"ఏమన్నడు?"

"చేసుడు ఖాయమన్నడు. చానమంది మంచిగనే ఇంటికి పోతరట. కొందరికి ఇబ్బంది అయితదట. నువ్వు కొందరిల ఉండవనే ఆయన అనుకుంటుండు."

డాక్టరు చెప్పింది అంతే, అతను చెప్పిందీ అంతే. కానీ బీదరుకు తిరిగొచ్చే బస్సులో జయమాల కిటికీలోంచి బయటికి చూడలేదు. దారంతా మొగుడి మొహమే చూసింది.

హైదరాబాదుకు బయలుదేరాల్సిన రోజుకు రెండు రోజుల ముందు, హుమ్నాబాద్ నుంచి మంజుష వచ్చింది. తల్లి బట్టలు తనే సర్దుతోంది. రామ్‌రావు దవాఖానా కాగితాలు సంచిలో పెడుతున్నాడు. మంచం మీద కూర్చున్న జయమాల ఉన్నట్టుండి, "మీకొక సంగతి చెప్పాలె. కోపానికి రావద్దు," అంది.

అతను కాగితాలు పక్కన పెట్టాడు.

"కరోనాల మీరు దవాఖానల ఉన్నప్పుడు నన్ను లోపలికి రానియ్యలే. గేటు బయట కూసుండి మొక్కిన. ఈ మనిషి ఇంటికొస్తే ఝర్నీకొచ్చి కొబ్బరికాయ కొడ్త స్వామీ అని. మీ పేరు మీద మొక్కిన, మీకు చెప్పకుంట." ఆమె దుప్పటి మడత సరిచేసింది. "మీకిష్టం లేని పనిల మీ పేరు పెట్టిన. గందుకే ఇన్నొద్దులు చెప్పలే."

రామ్‌రావు వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. తాను ఊపిరి అందక పడుకున్న రోజుల్లో ఈ మనిషి గేటు బయట దుమ్ములో కూర్చుందన్న సంగతి అతనికి ఇప్పుడే తెలిసింది. మొక్కు సంగతి తర్వాత, ఆ దుమ్ము సంగతే అతన్ని కదిలించింది.

"నీకు అనిపిచ్చింది, నువ్వు మొక్కినవ్. అందుల నాకేం కోపం?"

"గది తీర్చకుంట ఆపరేషన్‌కు పోతే నాకు మనసున పట్టది. నేను నీళ్లల్ల నడవద్దని డాక్టర్ చెప్పె."

మంజుష వెంటనే అందుకుంది. "గిదేం పెద్ద సంగతమ్మా? రేపు పొద్దుగాల నేను పొయ్యొస్త."

"నువ్వొద్దు. మీ నాయిన పోవాలె."

"నాయిననా? ఆయన మొక్కడు గద!"

"మొక్కుమని నేనంటలేను. పొయ్యి రమ్మంటున్న," అంది జయమాల. అన్నాక అటు తిరిగి పడుకుంది.

ఆ మధ్యాహ్నం రామ్‌రావు దుకాణంలో కూర్చుని మొక్కు సామాను తీశాడు. కొబ్బరికాయలు చెవి దగ్గర ఊపి ఊపి చూసి ఒకటి తీశాడు. దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి తీశాడు. కర్పూరం, పసుపు, కుంకుమ, కొత్త వస్త్రం. వేల మందికి కట్టిచ్చిన పొట్లమే, ఇవాళ మాత్రం దారం ముడి పడడం లేదు. డేనియల్ చూస్తూ నిలబడ్డాడు, ఆటపట్టించలేదు.

"పోతవా అన్నా?"

"పోత."

"పోయి?"

"గదే తెలుస్తలేదు డేనియల్. మొక్కితే నేను నేను కాను. మొక్కకపోతే అది ఆమె మొక్కు అయితదో కాదో."

డేనియల్ పొట్లం మీద వేలు పెట్టి ముడి వెయ్యడానికి సాయం చేశాడు. "వదినె పేరు మీద మా చర్చిల ప్రార్థన పెట్టిస్త ఆదివారం. నా పని నేను జేస్త. నీ సంగతి మాత్రం నువ్వే చూస్కోవాలె," అన్నాడు.

మర్నాడు పొద్దున మంజుష స్కూటీ మీద తండ్రిని తీసుకెళ్లింది. పార్కింగు దగ్గర బండి ఆపి, అతని కళ్లద్దాలూ చెప్పులూ తన దగ్గర పెట్టుకుంటూ చెప్పింది. "నాయినా, లోపలికి పోయినంక మొక్కితే మొక్కు, లేకపోతే లేదు. ఇంటికి పోయినంక మాత్రం మొక్కిన అని చెప్పు. ఒక్క మాట. రేపు ఈ యాళ్లకు అమ్మ దవాఖానల ఉంటది."

"అబద్ధం చెప్పుమంటవా?"

"ధైర్యం చెప్పుమంటున్న."

పిల్ల తప్పు మాట్లాడిందని అనలేకపోయాడు. తల్లి గురించి దానికున్న భయం ఎంతో, తనకున్న భయమూ అంతే.

చొక్కా విప్పి, పంచె ఎగ్గట్టి, పొట్లం నెత్తిన పెట్టుకుని రామ్‌రావు నీళ్లలోకి దిగాడు. ఏడాదికోసారి నడిచిన నీళ్లే, కొన్నేళ్లు రాకపోయేసరికి కొత్తగా ఉన్నాయి. ముందు ఒక పెళ్లి బృందం, "గోవిందా" అని అరుస్తూ పోతోంది. అరుపులకు గబ్బిలాలు కదులుతున్నాయి. నీళ్లు నడుము దాటాయి. కాళ్ల కింద ఇసుక జారుతోంది. అతను తలెత్తి దీపాలు చూసుకుంటూ నడుస్తున్నాడు. సగం దూరం పోయాక ఎవరో తన కుడిచెయ్యి పట్టుకున్నారు.

ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. ఎవరో ముసలావిడ. పొట్టి మనిషి కావడంతో నీళ్లు ఆమె మెడ దగ్గరికి వచ్చాయి. రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుంది. అప్పుడు గాని రామ్‌రావుకు తెలియలేదు, నీళ్లలోకి దిగిన దగ్గర్నుంచీ తన కుడిచెయ్యి వెనక్కి చాచే ఉందని. పట్టుకునే మనిషి ఇంట్లో మంచం మీద ఉంది. చేతికి ఆ సంగతి తెలియదు.

ముసలావిడ చెయ్యి వదల్లేదు, అతనూ వదిలించుకోలేదు. అలాగే నడిచారు.

స్వామి ముందు చోటు ఇరుకు. కొందరు మొక్కి దిగితేనే ఇంకొందరు ఎక్కగలరు. తన వంతు వచ్చి రామ్‌రావు పైకెక్కాడు. పూజారి పొట్లం తీసుకుంటూ కన్నడంలో పేరు అడిగాడు.

"జయమాల," అన్నాడు.

మీ పేరు చెప్పండి అన్నాడు పూజారి.

"మొక్కు ఆమెది. ఆమె పేరు చాలు."

కొబ్బరికాయ పగిలింది. కర్పూరం వెలిగింది, మసి లేకుండా తెల్లగా వెలిగింది. ఎన్నో ఏళ్లుగా ఈ చోట ఎడమవైపు నిలబడిన రామ్‌రావు ఇవాళ జయమాల నిలబడే చోట నిలబడ్డాడు. ఎదురుగా స్వామి. పక్కన ముసలావిడ కన్నీళ్లు కారుస్తూ ఏదో చెప్పుకుంటోంది. అప్పుడొచ్చింది అతని నోటి దాకా ఆ మాట. ఆమెను ఇంటికి తిరిగి పంపు. అంతే, చిన్న మాట. చేతులు కలపక్కర్లేదు, ఎవరూ వినరు. అడిగితే పోయేదేముంది?

పెదాలు కదిలాయి కూడా. కానీ ఆ మాట లోపల ఎక్కడి నుంచి వస్తోందో అతనికి తెలుసు. కాగితాలు సంచిలో పెడుతున్నప్పుడు మొదలైన భయం అది. ఆ భయానికి ఎవరు ఎదురైతే వాళ్ల కాళ్లు పట్టుకోవాలని ఉంది. నమ్మకం అతని దగ్గర నిన్న లేదు, ఇప్పుడూ లేదు. జయమాల ఇన్నేళ్లూ మనసారా మొక్కిన ఈ చోట, లేని నమ్మకాన్ని ఉన్నట్టు తెచ్చి పెట్టడం అతనికి రంగు కలిపిన కుంకుమ అమ్మినట్టే అనిపించింది.

చేతులు పక్కకే ఉంచుకుని, నెమ్మదిగా, గిరాకీ ఇంటికి సామాను చేర్చినప్పుడు చెప్పినట్టే చెప్పాడు. "జయమాల పంపింది. గుండె మంచిగ లేదు, రాలేకపోయింది. నేను ఇంటికొస్తే కొబ్బరికాయ కొడ్త అన్నదట. నేనొచ్చిన. ఇగో, ఆమె అన్న మాట చెల్లింది."

చెప్పాక కళ్లు తుడుచుకున్నాడు. ఇది భక్తేమోనని ఒక్క క్షణం తనను తాను అడిగి చూసుకున్నాడు. కాదు. ఇది జయమాల. ఈ చోట ఆమె లేకపోవడం. ఆ సంగతిలో అతనికి ఏ అనుమానమూ లేదు.

తిరుగుదారిలో కూడా ముసలావిడ అతని చెయ్యి పట్టుకునే వచ్చింది. గట్టుకు చేరాక ఊపిరి పీల్చుకుని, "ఒక్కదాన్నే వచ్చిన బిడ్డా, నీళ్లల్ల పానం పోయినంత పనైంది. నడిమిట్ల చెయ్యిచ్చినవ్. ఆ దేవుడే పంపిండు నిన్ను," అంది.

"దేవుడు కాదమ్మా," అన్నాడు రామ్‌రావు. "జయమాల పంపింది."

జయమాల ఎవరో ఆవిడకు తెలియదు. అయినా, "సల్లగుండాలె ఆమె," అని దీవించి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చేసరికి జయమాల తలుపుకు ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుని ఉంది. జుట్టు దువ్వుకుంది. పక్కన సర్దిన సంచులున్నాయి. రామ్‌రావు పంచె నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. ప్రసాదం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ప్రసాదం వైపు చూడలేదు.

"మొక్కు చెల్లిందా?"

"చెల్లింది. నీ పేరు మీదనే కాయ కొట్టిచ్చిన."

"మీరు మొక్కిన్రా?"

ముప్పై ఏళ్లలో ఆమె ఈ మాట అడగడం ఇది రెండోసారి. ఆమె కుర్చీ వెనక నిలబడ్డ మంజుష తండ్రి వైపు చూసి, చెప్పు నాయినా, చెప్పు అన్నట్టు తలాడించింది. రామ్‌రావు కూతుర్ని చూశాడు, పెళ్లాన్ని చూశాడు. మొక్కిన అంటే ఆమె మొహం ఎలా విచ్చుకుంటుందో ఊహించుకున్నాడు. ఆపరేషన్ గదిలోకి ఆ మాట వెంట తీసుకుపోతుంది. ఇన్నేళ్లలో ఆమె కోరినవన్నీ తెచ్చిచ్చాడు, ఇదొక్కటి తప్ప. ఇది ఇవ్వడానికి ఇంతకన్నా మంచి రోజు ఇక ఉండదు.

"లేదు జయా," అన్నాడు. "మొక్కలే."

మంజుష కళ్లు మూసుకుంది.

"అడగాలనిపిచ్చింది. నిన్ను నాకు తిరిగి ఇయ్యుమని అడగాలని నోటిదాక వచ్చింది. అది భయం, భక్తి కాదు. నీకు భక్తి ఎట్లుంటదో చూసినోన్ని నేను. గందుకే అడగలే. జయమాల పంపింది అని చెప్పి వచ్చిన." తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు. "నీళ్లల్ల చెయ్యి మాత్రం వెనుకకు పెట్టుకునే నడిచిన. తెల్వకుంటనే. ఎవరో ముసలామె పట్టుకుంటే గప్పుడు ఎరుకైంది."

జయమాల కుర్చీలో వెనక్కి వాలి, పెద్ద ఊపిరి ఒకటి వదిలింది. ఆయాసం మొదలైన దగ్గర్నుంచీ ఆమె అంత నిండుగా ఊపిరి వదలడం ఇంట్లో ఎవరూ చూడలేదు. ఆమె కళ్లలో నీళ్లున్నాయి, పెదాల మీద నవ్వుంది.

"అమ్మా, ఏడ్వకే," అంటూ మంజుష ముందుకొచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. "నేనే పోయి మొక్కొస్తుంటి గద. నన్నెందుకు పోనియ్యలే నువ్వు?"

"నువ్వు పోతే మొక్కు తీరుతుండె. నా భయం తీరకపోతుండె." జయమాల కూతురి తల నిమిరింది. "డాక్టర్ మీ నాయినను ఒక్కన్నే లోపలికి పిలిచిండు. తలుపేసుకున్నడు. లోపల ఏమన్నడో నాకెట్ల ఎరుక? బయటికొచ్చి ఈయన నాకు మంచి మాట చెప్పిండు. నిజమే చెప్పిండా, నేను భయపడ్తనని దాచిపెట్టిండా అని గా దినం సంది నాకు నిద్ర లేదు. అడిగితే ఏం జెప్తడు? మల్ల గదే చెప్తడు." ఆమె మొగుడి వైపు తిరిగింది. "గందుకే ఝర్నీకి పంపిన. పెండ్లయిన కాడ్నించి ఒక్కనాడు మొక్కని మనిషి. ఈయన స్వామి ముందట చేతులు కలిపొస్తే, నేను ఇంటికి రానని డాక్టర్ చెప్పిండన్నట్టే. ఇక నాకు ఎవ్వరు చెప్పే పని లేకుండె."

మంజుష నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పొద్దున స్కూటీ దగ్గర తాను చెప్పమన్న ఆ ఒక్క మాట ఇంట్లో ఏం చేసి ఉండేదో దానికి అప్పుడు తెలిసింది.

"మొక్కిన అంటరేమో అని పొద్దుగాల్నించి ఈ తలుపు కాడ పానం బిగవట్టుకోని కూసున్న," అంది జయమాల. ప్రసాదం కళ్లకద్దుకుని కొంచెం నోట్లో వేసుకుంది. కొంచెం అతనికి పెట్టింది. ఎప్పట్లాగే అతను తిన్నాడు. కొబ్బరి అతనికి ఇష్టం.

"తడి బట్టలు మార్చుకోండ్రి ఇగ. సర్ది చేస్తే రేపు దవాఖానల ముందట ఎవరు నడుస్తరు?"

అతను మార్చుకోవడానికి లోపలికి వెళ్లబోతూ, అలవాటుగా, కుడిచెయ్యి వెనక్కి చాచాడు. జయమాల కుర్చీలోంచి లేచి ఆ చెయ్యి పట్టుకుంది.